ఉద్యోగ ప్రకటన ఎలా రాయాలి: నల్గొండ, పాలమూరు ప్రాంత యజమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

మిర్యాలగూడ రైస్ మిల్లుల నుంచి పోలేపల్లి మందుల కంపెనీల దాకా, గద్వాల చీరల దుకాణాల నుంచి చౌటుప్పల్ గోదాముల దాకా, దక్షిణ తెలంగాణలో మనుషులు కావలసిన యజమానులకూ కొదువ లేదు, పని కావలసిన మనుషులకూ కొదువ లేదు. ఇద్దరినీ కలపవలసిన నాలుగు వాక్యాల ప్రకటన దగ్గరే చాలాసార్లు పని చెడుతుంది. ఈ ప్రాంతంలోని చిన్న, మధ్యతరహా సంస్థలకు ప్రకటనలు రాసిపెట్టే పనిలో మాకు పదే పదే ఎదురైన ప్రశ్నలను, వాటికి మేము ఇచ్చే జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాము.

ప్రకటన వేసిన రోజు ఫోన్ ఆగకుండా మోగుతోంది గాని, పనికి తగినవారు ఒక్కరూ దొరకడం లేదు. లోపం ఎక్కడ ఉంది?

ఆ ఫోన్లలో జనం ఏమి అడుగుతున్నారో రెండు రోజుల పాటు ఒక కాగితం మీద రాసి చూడండి. జీతం ఎంత, పని ఎక్కడ, డ్యూటీ ఎన్ని గంటలు, ఆదివారం సెలవు ఉంటుందా, ఉండటానికి గది ఇస్తారా, అనుభవం లేకున్నా తీసుకుంటారా అన్న ఐదారు ప్రశ్నలే తిరిగి తిరిగి వస్తున్నాయని మీకే తెలుస్తుంది. ఆ ప్రశ్నలన్నిటికీ ప్రకటనలోనే జవాబు ఉండి ఉంటే సగం ఫోన్లు వచ్చేవి కావు, వచ్చిన సగంలో ఎక్కువమంది ఆ జవాబులు చదివి, ఒప్పుకొని, ఆ తర్వాతే ఫోన్ చేసినవారై ఉండేవారు.

తగినవారిని రప్పించడం ప్రకటన చేసే ఒక పని. తగనివారు తమంతట తామే చదివి పక్కకు తప్పుకునేలా చేయడం రెండవ పని. మొదటిది అందరికీ గుర్తుంటుంది, రెండవదాన్ని దాదాపు ప్రతి యజమానీ మరిచిపోతాడు. ఎక్కువ ఫోన్లు వచ్చాయని సంబరపడే యజమానులను మేము చాలామందిని చూశాము. ఆ ఫోన్లకు జవాబు చెబుతూ పగలంతా కూర్చున్న గుమాస్తాను అడిగితే ఆ సంబరం ఖరీదెంతో చెబుతాడు.

జీతం అంకె తప్పనిసరిగా వేయాలా? వేస్తే పోటీ మిల్లు వాళ్లకు తెలుస్తుంది, ఉన్న పనివాళ్లు అలుగుతారు.

వేయాలి. మా అనుభవంలో ప్రకటన ఫలితాన్ని అన్నిటికంటే ఎక్కువగా మార్చేది ఈ ఒక్క అంకె. "ఆకర్షణీయమైన జీతం" అన్న మాట చదివినవారిలో ఒకరు పది వేలు అనుకుంటారు, ఇంకొకరు ముప్పై వేలు అనుకుంటారు. ఇద్దరూ బస్సు చార్జీలు పెట్టుకొని వస్తారు, కనీసం ఒకరు మిమ్మల్ని తిట్టుకుంటూ వెళ్తారు. ఇక "అర్హతను బట్టి జీతం" అన్నది తక్కువ ఇస్తారని చెప్పడానికి మర్యాదైన పద్ధతి అని మన జనానికి ఏనాడో అర్థమైపోయింది.

పోటీ మిల్లు సంగతికి వస్తే, ఏ మిల్లులో ఎంత ఇస్తున్నారో హమాలీ నుంచి ఆపరేటర్ దాకా అందరికీ టీ కొట్టు దగ్గరే తెలుసు కాబట్టి, మీరు దాచేది కొత్తగా రావలసిన మనిషి దగ్గర మాత్రమే. ఉన్న పనివాళ్లు అలుగుతారన్నది నిజమైన ఇబ్బందే గాని, దానికి మందు కొత్త మనిషి జీతం దాచిపెట్టడంలో లేదు. కొత్తవాడికి పాతవాడికంటే ఎక్కువ ఇవ్వవలసి వస్తోందంటే పాతవాడి జీతం బజారు కంటే కిందికి జారిందని అర్థం, ఆ లెక్క ముందు సరిచేసుకున్నాకే ప్రకటన వేయడం మంచిది.

ఒకే అంకె చెప్పలేని పరిస్థితిలో కింది హద్దు, పై హద్దు రెండూ వేయవచ్చు, కాని ఆ రెండింటి మధ్య దూరం న్యాయంగా ఉండాలి. "12,000 నుంచి 40,000 వరకు" అని వేస్తే చదివేవారికి 40,000 మాత్రమే కనబడుతుంది, మీకు మాత్రం 12,000 మనసులో ఉంటుంది. ఆ కింది హద్దు కూడా మీ పరిశ్రమకు తెలంగాణ ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం కంటే తగ్గకూడదు. అందులోని కరువు భత్యం ఏటా ఏప్రిల్‌లోనూ అక్టోబర్‌లోనూ సవరిస్తారు కాబట్టి నిరుటి ప్రకటన తీసి అదే అంకె మళ్లీ అచ్చు వేయించకండి.

మొత్తం జీతం వేయాలా, చేతికి వచ్చేది వేయాలా?

రెండూ వేయండి. మొదటి నెల జీతం అందుకున్న రోజునే పని మానేసేవారిలో చాలామంది ఈ తేడా వల్లనే మానేస్తారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నెలకు 18,000 రూపాయల జీతం, అందులో ప్రావిడెంట్ ఫండ్‌కు లెక్కించే భాగాన్ని 15,000 పరిమితికే పట్టారు అనుకుంటే, 12 శాతం కింద 1,800 రూపాయలు పీఎఫ్‌కు పోతాయి. జీతం 21,000 లోపే ఉంది కాబట్టి ఈఎస్ఐకి 0.75 శాతం, అంటే 135 రూపాయలు పోతాయి. మన రాష్ట్రంలో 15,000 దాటి 20,000 వరకు ఉన్న జీతానికి వృత్తి పన్ను 150 రూపాయలు. మొత్తం 2,085 పోగా చేతికి వచ్చేది 15,915 రూపాయలు. ప్రకటనలో "జీతం 18,000, కోతలు పోగా చేతికి సుమారు 15,900" అని రాస్తే ఎవరికీ అన్యాయం జరగదు, ఎవరూ మోసపోయామని అనుకోరు.

కొన్ని సంస్థలు దీనికి సరిగ్గా ఎదురు పద్ధతిలో వెళ్తాయి. యజమాని కట్టవలసిన పీఎఫ్, ఈఎస్ఐ వాటాలు, బోనస్, కంపెనీ బస్సు ఖర్చు, మధ్యాహ్న భోజనం అన్నీ కలిపి 23,000 అని పెద్ద అక్షరాలతో వేస్తాయి. అది కంపెనీకి అయ్యే ఖర్చు. నెలాఖరున ఇంటి కిరాయి కట్టవలసిన మనిషికి ఆ అంకెతో పని లేదు.

జీతం పక్కనే పని గంటలు ఉండాలి. ఎనిమిది గంటలకు 14,000, పన్నెండు గంటలకు 14,000 ఒకటి కావు. కర్మాగారాల్లో వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు వేతనం ఇవ్వాలన్నది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నుంచి ఉన్న నియమమే. కాబట్టి "12 గంటల డ్యూటీ" అని రాసేటప్పుడు అందులో ఓవర్‌టైమ్ ఎన్ని గంటలో, దానికి ఎంత ఇస్తారో విడిగా చెప్పడం మీకే క్షేమం.

పనికి ఏ పేరు పెట్టాలి?

ఆ పని చేసేవారు తమను తాము ఏమని చెప్పుకుంటారో ఆ పేరే పెట్టాలి. బాయిల్డ్ రైస్ మిల్లులో డ్రయ్యర్ ఆపరేటర్, బాయిలర్ అటెండెంట్, సార్టెక్స్ ఆపరేటర్, కాటా గుమాస్తా అంటే మిర్యాలగూడలో చిన్న పిల్లవాడికి కూడా తెలుస్తుంది. "ప్రొడక్షన్ ఎగ్జిక్యూటివ్" అని వేస్తే డిగ్రీ చదివి బల్ల ముందు కూర్చునే పని అనుకునేవారు వస్తారు, పదేళ్లుగా డ్రయ్యర్ నడిపినవాడు మాత్రం అది తన కోసం కాదనుకొని పేజీ తిప్పేస్తాడు. ఎరువుల దుకాణంలో అమ్మకపు పనికి "మార్కెటింగ్ మేనేజర్" అని రాయడం కూడా ఇటువంటిదే. పెద్ద పేరు విని చేరినవాడు మొదటి రోజు బస్తాలు సర్దమనగానే సాయంత్రం బస్సు ఎక్కుతాడు.

ఎంత చదువు, ఎంత అనుభవం అడగాలి?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు మేము యజమానులను ఒక ఎదురు ప్రశ్న అడుగుతాము: ఇప్పుడు ఆ పని బాగా చేస్తున్న మనిషికి ఏమి చదువు ఉంది? పదో తరగతి చదివిన మనిషి పన్నెండేళ్లుగా చక్కగా చూస్తున్న స్టోర్ పనికి, అతను మానేయగానే "ఏదైనా డిగ్రీ, 5 సంవత్సరాల అనుభవం" అని ప్రకటన వేస్తారు. ఎందుకు అని అడిగితే అలా వేయడం అలవాటు అన్నదే సమాధానం. మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం, పాలమూరు విశ్వవిద్యాలయాల పరిధిలోని కాలేజీల నుంచి డిగ్రీ చేతబట్టుకొని వచ్చే పిల్లలు చాలామంది ఉన్న మాట నిజమే గాని, వారిలో స్టోర్‌లో కుదురుగా రెండేళ్లు ఉండేవారు తక్కువ. పోటీ పరీక్షల నోటిఫికేషన్ రాగానే వారు పుస్తకాలు తెరుస్తారు, అది వారి తప్పు కూడా కాదు.

అర్హతలను రెండు వాక్యాలుగా విడదీసి రాయండి. మొదటి వాక్యంలో అవి లేనిదే పని సాగనివి, రెండవ వాక్యంలో ఉంటే మంచిది, లేకున్నా నేర్పుతాము అన్నవి. మొదటి వాక్యంలో చేర్చదగినవి నిజానికి చాలా తక్కువ. చట్టం అడిగేవి తప్పక చేర్చాలి: బాయిలర్ నడిపే మనిషికి యోగ్యతా ధ్రువపత్రం ఉండాలి, లారీ డ్రైవర్‌కు భారీ వాహనాల లైసెన్సు ఉండాలి, ఎనిమిదో తరగతి వరకు బోధించే ఉపాధ్యాయుడికి టెట్ ఉత్తీర్ణత ఉండాలి, నర్సుకు కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి. వీటి తర్వాత పనికి ప్రాణం వంటి నైపుణ్యం ఒకటో రెండో చెప్పండి. మందుల కంపెనీ నాణ్యతా విభాగంలో కెమిస్ట్ కావాలంటే మందులో ఏ పదార్థం ఎంత ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద చేయి తిరిగి ఉండాలా, లేక ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి ఉంటే యంత్రం మీరే నేర్పుతారా అన్నది తేల్చుకొని రాయాలి. నేర్పేటట్టయితే "కొత్తవారూ దరఖాస్తు చేయవచ్చు, మూడు నెలలు నేర్పుతాము, ఆ మూడు నెలలూ పూర్తి జీతం ఇస్తాము" అన్న ఒక్క వాక్యం మీకు మంచి పిల్లలను తెచ్చిపెడుతుంది.

అర్హతల చిట్టా పెరిగేకొద్దీ ముందుగా వెనక్కి తగ్గేవారు మాటకు కట్టుబడే మనుషులే. పదిలో ఎనిమిది ఉన్న జాగ్రత్తపరులు తమకు రెండు లేవని ఆగిపోతారు, మూడే ఉన్న ధైర్యవంతులు వచ్చి కుర్చీలో కూర్చుంటారు.

"చురుకైనవారు, నమ్మకస్తులు, కష్టపడే తత్వం గలవారు" అన్న మాటలను పూర్తిగా తీసేయండి. తాను బద్ధకస్తుడినని, నమ్మదగినవాడిని కానని అనుకొని ఆ ప్రకటన వదిలేసిన మనిషి ఈ రెండు జిల్లాల్లోనూ ఉండడు.

పని చేసే చోటు "నల్గొండ జిల్లా" అని రాస్తే సరిపోదా?

సరిపోదు. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగాక పాత నల్గొండ జిల్లా నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలుగా విడిపోయింది. పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల ఏర్పడ్డాయి, 2019లో నారాయణపేట కూడా వేరుపడింది. షాద్‌నగర్ రంగారెడ్డి జిల్లాలో చేరింది. అయినా జనం నోట పాత హద్దులే ఉన్నాయి. చౌటుప్పల్‌ను నల్గొండ అనేవారు, షాద్‌నగర్‌ను పాలమూరు అనేవారు ఇప్పటికీ ఉన్నారు. "నల్గొండ జిల్లాలో పని" అని చదివి దేవరకొండ నుంచి ఒక మనిషి చౌటుప్పల్ దాకా వచ్చి, రోజూ ఇంత దూరం ఎట్లా అని వెనక్కి వెళ్లడంలో అతని తప్పు ఏమీ లేదు.

జిల్లా పేరుతో పాటు ఊరి పేరు, రోడ్డు పేరు, బస్సు ఆగే స్టేజీ పేరు, అక్కడి నుంచి గేటుకు ఎంత దూరమో రాయండి. "జడ్చర్ల దగ్గర" అనడానికి, "పోలేపల్లి సెజ్ లోపల, జాతీయ రహదారి 44 మీద దిగి ఆటోలో రావాలి, మహబూబ్‌నగర్ నుంచి కంపెనీ బస్సు ఉంది, మెట్టుగడ్డ దగ్గర ఎక్కవచ్చు" అనడానికి చాలా తేడా ఉంది. రెండవది చదివిన మనిషి తన ఇంటి నుంచి ఎంతసేపు పడుతుందో మనసులోనే లెక్క వేసుకుంటాడు. చౌటుప్పల్, చిట్యాల వైపు సంస్థలు తరచుగా "హైదరాబాద్ దగ్గర" అని రాస్తుంటాయి. దానివల్ల నగరంలో ఉండాలనుకునేవారు వచ్చి వెనక్కి పోతారు, పక్క ఊళ్లలో ఉన్నవారు ఇది మన కోసం కాదనుకుంటారు.

పని ఏడాదిలో కొన్నాళ్లు ఒక చోట, కొన్నాళ్లు ఇంకో చోట ఉండేటట్టయితే ఆ మాట కూడా ముందే చెప్పాలి. విత్తన కంపెనీల ఫీల్డ్ పనివారికి ఇది ముఖ్యం. బైకు ఎవరిది, పెట్రోలు ఎవరిది అన్నది కూడా అక్కడే తేలిపోవాలి.

మహిళల నుంచి దరఖాస్తులు రావడం లేదు. ప్రకటనలో ఏమి మార్చాలి?

వాక్యాల కంటే ముందు వివరాలు మార్చాలి. ప్యాకింగ్, నాణ్యతా పరీక్ష, లెక్కలు, దుకాణంలో అమ్మకం వంటి పనులకు ఊళ్లలో చదువుకున్న ఆడపిల్లలు, పెళ్లయి పిల్లలు బడికి వెళ్తున్న తల్లులు చాలామంది ఉన్నారు. వారు ప్రకటనలో వెతికేది ముఖ్యంగా సాయంత్రం ఎన్ని గంటలకు వదులుతారు, బస్సు ఉందా, రాత్రి షిఫ్టు ఉందా, అక్కడ ఇంకా ఆడవాళ్లు పని చేస్తున్నారా అన్న నాలుగు సంగతులు. ఆ చివరి సంగతి చాలామంది యజమానులకు తట్టనే తట్టదు. "ప్యాకింగ్ విభాగంలో ఇప్పుడు ఇరవై మంది మహిళలు పనిచేస్తున్నారు, సూపర్‌వైజర్ కూడా మహిళే" అన్న వాక్యం, అది నిజమైతే, "మహిళలకు ప్రాధాన్యం" అన్న మాట కంటే ఎంతో ఎక్కువ పని చేస్తుంది. ఆ వాక్యాన్ని దరఖాస్తు చేసే అమ్మాయి ఒక్కతే చదవదు, ఆమె తల్లిదండ్రులో, అత్తమామలో కూడా చదువుతారు.

2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితమయ్యాక, చార్జీలకే జీతంలో ఎంతో పోతుందని ఆగిపోయినవారు ఇప్పుడు ఇరవై, ముప్పై కిలోమీటర్ల దూరం నుంచైనా రావడానికి వెనుకాడనవసరం లేదు. అందుకని మీ గేటు దగ్గర ఏ రూటు బస్సు ఆగుతుందో, ఉదయం షిఫ్టుకు అందే బస్సు ఎన్ని గంటలకు వస్తుందో డిపోలో కనుక్కొని ప్రకటనలోనే వేయండి. ఇంత మంచి ఆకర్షణను ఎవరి ఖర్చూ లేకుండా వాడుకునే అవకాశం ఉన్నా వాడుకునేవారు అరుదు.

రాత్రి షిఫ్టు ఉంటే దాచకండి. రాత్రి పూట పనికి మహిళ అంగీకారం, భద్రత, ఇంటి దాకా వాహనం ఉండాలి. అవి ఉన్నాయని రాయగలిగితే రాయండి, లేకుంటే వారికి పగటి షిఫ్టు మాత్రమే అని రాయండి.

"పురుషులకు మాత్రమే", "25 ఏళ్ల లోపు వారికి మాత్రమే", "ఫలానా కులం వారికి ప్రాధాన్యం" అని రాయవచ్చా?

మొదటిది చట్టానికి విరుద్ధం. నియామకాల్లో స్త్రీ పురుష వివక్ష చూపకూడదన్న నియమం 1976 నాటి సమాన వేతన చట్టంలోనే ఉంది, దానినే 2019 వేతనాల కోడ్ మూడవ సెక్షన్‌లో మళ్లీ చెప్పారు. మహిళలను ఆ పనిలో పెట్టుకోవడాన్ని చట్టమే నిషేధించిన లేదా పరిమితం చేసిన సందర్భం ఒక్కటే దీనికి మినహాయింపు. "బరువులు ఎత్తాలి కదా" అని యజమానులు అంటారు. ఎత్తాలంటే ఆ మాటే రాయండి: "50 కిలోల బస్తాలు రోజంతా మోయాలి." అది పనిని చెప్పడం. ఎవరు మోయగలరో చదివినవారు తేల్చుకుంటారు.

వయసు విషయంలో పద్నాలుగేళ్ల లోపు పిల్లలను పెట్టుకోవడం నేరం, పద్దెనిమిది నిండనివారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోవడమూ నేరం కాబట్టి "18 ఏళ్లు నిండి ఉండాలి" అన్నది సబబైన వాక్యం. పై హద్దు మాత్రం ఆలోచించి పెట్టండి. నలభై దాటినవారిలో బొంబాయిలో, పుణెలో ఏళ్ల తరబడి కట్టుబడి పనులు చేసి, ఇక ఊరి దగ్గరే ఉందామని పాలమూరుకు తిరిగివచ్చిన మేస్త్రీలు, ఫిట్టర్లు, వెల్డర్లు ఉన్నారు. పని మీద వారికున్న పట్టు, మళ్లీ వలస పోకూడదన్న వారి పట్టుదల రెండూ మీకు లాభమే. "25 ఏళ్ల లోపు" అన్న మూడు మాటలతో వారందరినీ గేటు బయట నిలబెడుతున్నారు.

మూడవదాని గురించి చర్చ అవసరం లేదు, రాయకూడదు. "మా వాళ్లయితే బాగుంటుంది" అన్నట్టు ధ్వనించే ఇంటి పేర్లు, గుడి పేర్లు, తిండి అలవాట్లు కూడా ప్రకటనలో చోటు చేసుకోకూడదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. కూర్చొని చేసే పనులకు, కంప్యూటర్ పనులకు "వికలాంగులూ దరఖాస్తు చేయవచ్చు, గేటు నుంచి ఆఫీసు వరకు మెట్లు లేవు" వంటి వాక్యం రాయడానికి ఒక లైను చాలు.

ఒక నమూనా ప్రకటన చూపించగలరా?

ముందుగా మన గోడల మీద తరచుగా కనబడేదాన్ని చూడండి: "ప్రముఖ రైస్ మిల్లు నందు పనిచేయుటకు చురుకైన, నమ్మకస్తులైన యువకులు కావలెను. ఆకర్షణీయమైన జీతం. అనుభవజ్ఞులకు ప్రాధాన్యత. వెంటనే సంప్రదించగలరు." ఇందులో పని ఏమిటో లేదు, ఊరు లేదు, జీతం లేదు, గడువు లేదు. ఉన్న ఒక్క సమాచారం ఆ మిల్లు ప్రముఖమైనదని, అదీ మిల్లు పేరు చెప్పకుండా.

అదే పనికి మేము రాస్తే ఇలా ఉంటుంది:

"కాటా గుమాస్తా కావాలి, ఒక ఖాళీ. మిర్యాలగూడ సాగర్ రోడ్డులోని మా బాయిల్డ్ రైస్ మిల్లులో ధాన్యం లారీలకు తూకం వేసి, కాటా చీటీలు ఇచ్చి, తేమ శాతం నమోదు చేసి, సాయంత్రానికి ఆ రోజు లెక్క కంప్యూటర్‌లో ఎక్కించాలి. డ్యూటీ ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకు, మధ్యలో గంట భోజన విరామం, ఆదివారం సెలవు. వానాకాలం, యాసంగి ధాన్యం వచ్చే నెలల్లో కొన్ని రోజులు రాత్రి 9 దాకా ఉండవలసి వస్తుంది, ఆ గంటలకు రెట్టింపు వేతనం ఇస్తాము. జీతం నెలకు 16,000. పీఎఫ్, ఈఎస్ఐ, వృత్తి పన్ను పోగా చేతికి సుమారు 13,900. ఇంటర్ చదివి, తెలుగులో స్పష్టంగా రాయడం, కంప్యూటర్‌లో పట్టికలు నింపడం తెలిసి ఉండాలి. కాటా పని అనుభవం లేకున్నా నేర్పుతాము. స్త్రీలు, పురుషులు ఎవరైనా రావచ్చు. ఈ నెల 20లోగా మిల్లు ఆఫీసుకు స్వయంగా వచ్చి కలవండి, లేదా పేరు, ఊరు, చదువు వాట్సాప్‌లో పంపండి. ఎంపికైనవారికి, కానివారికి కూడా 25వ తేదీలోగా చెబుతాము. ఉద్యోగం కోసం మేము ఎవరి దగ్గరా డబ్బు తీసుకోము."

సీజన్‌లో రాత్రి 9 దాకా ఉండాలన్న వాక్యం తీసేయమని యజమానులు అడుగుతారు. అది ఉండవలసిన వాక్యం. ధాన్యం లారీలు మిల్లు గేటు నుంచి రోడ్డు దాకా వరుస కట్టిన నవంబరు సాయంత్రం ఆరింటికి గుమాస్తా సంచి సర్దుకొని లేచి నిలబడితే ఏమవుతుందో మిర్యాలగూడ మిల్లర్లకు వేరే చెప్పనక్కర్లేదు.

తెలుగులో రాయాలా, ఇంగ్లిష్‌లోనా?

పని ఏ భాషలో జరుగుతుందో ఆ భాషలో రాయాలి. మిల్లు, దుకాణం, గోదాము పనులకు తెలుగు. మందుల కంపెనీ కెమిస్ట్, నాణ్యతా పత్రాలు రాసేవారికి ఇంగ్లిష్, ఎందుకంటే ఆ ప్రకటన చదవలేనివారు ఆ పత్రాలూ చదవలేరు. బీహారు నుంచి వచ్చిన హమాలీలు కావాలంటే హిందీలో నాలుగు లైన్లు వేరుగా వేయండి. నారాయణపేట, గద్వాల సరిహద్దుల్లో కన్నడ కూడా ఆలోచించదగిందే. ఇక "నందు", "చేయుటకు", "కావలెను" అన్న పాత కాగితపు భాష ఎందుకో తెలియదు గాని ఇంకా పోలేదు. అది రాస్తే సంస్థ పెద్దదిగా కనిపిస్తుందన్న నమ్మకం ఏదో ఉన్నట్టుంది.

ప్రకటన ఎక్కడ వేస్తే తగినవారికి చేరుతుంది?

పనిని బట్టి మారుతుంది. లెక్కలు, పర్యవేక్షణ, బోధన పనులకు దినపత్రికల జిల్లా పేజీలు ఇప్పటికీ పనిచేస్తాయి, ఎందుకంటే ఆ పేజీ పిల్లవాడు చదవకపోయినా తండ్రి చదివి చూపిస్తాడు. యంత్రాల పనులకు ఐటీఐల నోటీసు బోర్డు, అక్కడి శిక్షకులతో మాట అన్నిటికంటే మేలు. రోజు కూలీ పనికి పొద్దున్నే అడ్డా దగ్గరికి మనిషిని పంపడమే మార్గం, దానికి ప్రకటన రాయనక్కర్లేదు.

ప్రభుత్వ మార్గాలను మన యజమానులు తక్కువగా వాడుకుంటున్నారు. తెలంగాణ ప్రభుత్వ డిజిటల్ ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్ అయిన డీట్‌లో, కేంద్ర ప్రభుత్వ నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో ఖాళీలు ఉచితంగా నమోదు చేయవచ్చు. పైగా 25 మంది లేదా అంతకు మించి పనివారున్న ప్రైవేటు సంస్థలు ఖాళీలను ఉపాధి కార్యాలయానికి తెలియజేయాలన్న నియమం 1959 నుంచి ఉన్నదే, 2020 సామాజిక భద్రతా కోడ్ ఆ సంఖ్యను 20కి తగ్గించింది.

వాట్సాప్ గ్రూపుల్లో వేసేటప్పుడు ఒక జాగ్రత్త. అక్కడ ప్రకటన చేతులు మారుతూ ఏడాది తర్వాత కూడా తిరుగుతుంటుంది. తేదీ, గడువు లేని ప్రకటన వేస్తే మనిషిని పెట్టుకున్న ఆరు నెలలకు కూడా ఫోన్లు వస్తూనే ఉంటాయి. వివరాలను బొమ్మగా మాత్రమే పంపకుండా మామూలు అక్షరాల్లో కూడా పంపండి. బొమ్మలోని మాటలు వెతికితే దొరకవు, చిన్న ఫోన్‌లో చదవడానికీ రావు.

దరఖాస్తుతో పాటు ఏమేమి అడగాలి?

మొదట పేరు, ఊరు, చదువు, ఇంతకుముందు చేసిన పని, ఎప్పటి నుంచి చేరగలరు అన్నవి చాలు. ఆధార్ నకలు, పాన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం, అసలు సర్టిఫికెట్లు ఎంపికైన తర్వాత అడగవలసినవి. వాట్సాప్‌లో నలభై మంది ఆధార్ బొమ్మలు మీ ఫోన్‌లో పేరుకుపోతే వాటికి బాధ్యత మీదే; 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉద్దేశం కూడా అవసరమైనంతే తీసుకోవాలన్నది. ఫొటో అడగడం మానేయండి.

రిజిస్ట్రేషన్ ఫీజు, యూనిఫాం డిపాజిట్, శిక్షణ రుసుము వంటివి అడగకూడదు. మన ప్రాంతంలో కంపెనీ ఉద్యోగం అని చెప్పి డబ్బు గుంజి మాయమైనవారి వల్ల ఎంతోమంది దెబ్బతిన్నారు కాబట్టి, డబ్బు తీసుకోము అన్న వాక్యం, సంస్థ పూర్తి పేరు, ఆఫీసు చిరునామా ఉన్న ప్రకటనను జనం వెంటనే నమ్ముతారు. పేరు దాచిన ప్రకటన ఎంత బాగా రాసినా అనుమానంగానే చూస్తారు.

ఇంటర్వ్యూ తేదీ ఎలా నిర్ణయించాలి?

పంచాంగం, పంటల క్యాలెండర్ రెండూ ముందు పెట్టుకొని నిర్ణయించాలి. సద్దుల బతుకమ్మ, దసరా వారంలో ఎవరూ రారు. దీపావళి తర్వాత కురుమూర్తి జాతర రోజుల్లో పాలమూరు వైపు, అమావాస్య మర్నాడు చెరువుగట్టు రామలింగేశ్వరుడి గుడి పరిసర ఊళ్లలో పిలిస్తే వచ్చేవారు తగ్గుతారు. అమావాస్య రాత్రి గట్టు మీద నిద్ర చేసి వచ్చిన మనిషి పొద్దున్నే కెమిస్ట్రీ ప్రశ్నలకు జవాబు చెప్పే స్థితిలో ఉండడు. వరి కోతల రోజుల్లో ఊరి పిల్లలు పొలం పనుల్లో ఉంటారు. ప్రైవేటు బడులకు ఉపాధ్యాయులు కావాలంటే జూన్‌లో వెతకడం ఆలస్యం, ఏప్రిల్‌లోనే ప్రకటన వెలువడాలి.

ఎంపికైనవారు చేరుతామని చెప్పి రావడం లేదు. దీనికి ప్రకటనకు సంబంధం ఉందా?

చాలాసార్లు ఉంది. ప్రకటనలో లేని సంగతి ఏదో ఇంటర్వ్యూలో బయటపడి, అక్కడ మొహమాటానికి సరే అని, ఇంటికి వెళ్లాక మనసు మార్చుకొని ఉంటారు. మన దగ్గర మనిషి ముఖం మీద కాదనడం తక్కువ. "చూసి చెప్తా సార్" అంటే కాదనే అర్థం. రాకుండా పోయినవారిలో ముగ్గురు నలుగురికి ఫోన్ చేసి, కోపం లేకుండా, ఏ సంగతి నచ్చలేదో అడగండి. ఒక మిల్లుకు ఇలా అడిగి చూస్తే, ఉండటానికి ఇస్తామన్న గది బాయిలర్ పక్కనే ఉందన్నది అసలు కారణమని తేలింది. గది మార్చాక, "గది ఆఫీసు వెనుక, మిల్లు యంత్రాలకు దూరంగా ఉంది" అన్న వాక్యం ప్రకటనలో చేరింది.

మనిషి దొరికాక ప్రకటనను ఏమి చేయాలి?

అదే రోజు తీసేయాలి. పోర్టల్‌లో ఖాళీ మూసేయండి, వాట్సాప్ గ్రూపులో "భర్తీ అయింది" అని అదే ప్రకటన కింద రాయండి, బస్‌స్టాండ్ దగ్గర, క్లాక్ టవర్ చౌరస్తాలో అంటించిన కాగితాలు ఊడదీయడానికి ఒక మనిషిని పంపండి. అంటించిన చోట్లన్నీ అప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకోకపోతే ఈ చివరి పని ఎవరికీ గుర్తుండదు.